తినడానికా, ఆటకా?

భీమిలి ఒడ్డున తెల్లవారుజాము నాలుగున్నర. ఫైబర్ బోటుని ఇసకలోంచి నీళ్ళలోకి తొయ్యడానికి నలుగురం భుజాలు ఆనించాం. బోటు నడిపే ఆయన్ని బాబాయ్ అని పిలుస్తున్నాం. ఆయన ఒక కన్ను కెరటం మీదే ఉంచి, టీ తాగుతారా అని అడిగినంత మామూలుగా అడిగాడు: "ఇయ్యాల తినడానికా బాబూ, ఆటకా?"

నా మిత్రుడు క్షణం ఆలోచించలేదు. "ఆటకే బాబాయ్. పట్టి వదిలేస్తాం."

ఆ జవాబు విని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మేం చంపడానికి వెళ్ళడం లేదు. సరదాగా పట్టుకుంటాం, చూస్తాం, ఫొటో తీసుకుంటాం, తిరిగి దాని సముద్రానికి దాన్ని అప్పగిస్తాం. ఇంతకంటే నిర్దోషమైన వేట ఏముంటుంది? బాబాయ్ తల ఊపాడు. కెరటం వెనక్కి తగ్గగానే "తొయ్యండి" అన్నాడు. అంతే.

ఆయన ప్రశ్నకి సరైన జవాబు కోసం నేను ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

*

ఒడ్డు నుంచి గంటన్నర ప్రయాణం. మిత్రుడి ఫోన్‌లో జీపీఎస్ ఉంది. బాబాయ్‌కి పావురాళ్ళకొండ ఉంది, లైట్‌హౌస్ ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి ఏ కోణంలో కనిపిస్తే కింద రాళ్ళున్నట్టో ఆయనకి తెలుసు. మోటారు ఆపాడు. ఫోన్ కూడా దాదాపు అక్కడే చుక్క చూపించింది.

మిత్రుడు నా చేతికి రాడ్ ఇచ్చాడు. దారం చివర పాపర్ కట్టి ఉంది. ఇది బొమ్మ చేప. దూరంగా విసిరి కుదుపుతూ లాగుతుంటే నీళ్ళ మీద గుబుక్ గుబుక్‌మని శబ్దం చేస్తుంది. దెబ్బతిన్న చిన్న చేపేదో పైన కొట్టుకుంటోందని కింద ఉన్న పెద్ద చేప అనుకోవాలి. దాని పొట్ట కింద, తోక దగ్గర మూడేసి ముళ్ళ గాలాలు. అంటే మన ఆట మొదలయ్యేదే ఒక అబద్ధంతో. అప్పుడు ఇదంతా ఆలోచించలేదు. విసరడం, లాగడం, మళ్ళీ విసరడం. అరగంటకే భుజాలు లాగేశాయి.

తర్వాత నీళ్ళు పగిలాయి. వేరే మాట దొరకడం లేదు. పాపర్ ఉన్నచోట ఒక గొయ్యి పడింది, రీలు బుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది, రాడ్ విల్లులా వంగింది. నా చేతుల్లోకి ఇంకొక ప్రాణం బలం మొత్తం వచ్చి పడింది. "పార, పార!" అని బాబాయ్ అరిచాడు. జీటీ అని స్పోర్ట్ ఫిషింగ్ వాళ్ళు ప్రాణం పెట్టే జయంట్ ట్రెవల్లీ. మన తీరంలో పార చేపల జాతే. అది రాళ్ళలోకి దూరాలని చూస్తుంది. దూరితే దారం తెగుతుంది, అది గెలుస్తుంది. దూరనివ్వకపోతే నేను గెలుస్తాను.

20 నిమిషాలు. ఆ 20 నిమిషాలూ నాకు ఆఫీసు లేదు, ఈఎంఐ లేదు, నా పేరు కూడా లేదు. ధ్యానం గురించి పుస్తకాల్లో చదివినదేదో నాకు దొరికిందనుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వస్తోంది. అది నీచమైన ఆనందమైతే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. నా జీవితంలోని మంచి ఆనందాల్లో అదొకటి. అదే సమయంలో దారానికి అవతలి చివర ఒక ప్రాణి చావుభయంతో, ఒంట్లో ఉన్న ప్రతి కండరాన్నీ ఖర్చు పెట్టేస్తోంది. నా ధ్యానమూ దాని భయమూ రెండు వేర్వేరు సంఘటనలు కావు. ఒకే తాడుకి రెండు చివరలు.

బోటులోకి తీశాం. 12, 13 కిలోలు ఉంటుందన్నారు. ఒక ముల్లు దవడలో ఉంది. ఇంకొకటి మొప్ప మూత అంచులో దిగింది. మిత్రుడు పట్టకారుతో తీస్తుంటే రక్తం వచ్చింది. నేను రెండు చేతుల మీదా ఎత్తి పట్టుకున్నాను. ఒక ఫొటో. ఎండ మొహం మీద పడిందని ఇంకొకటి. ఈసారి నేను కళ్ళు మూశానట, మూడోది. నీళ్ళలో ఉన్నప్పుడు విచ్చుకుని ఉండే మొప్పల రేకులు గాలిలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. పరిగెత్తి పరిగెత్తి వచ్చినవాడి మూతికి తలగడ అడ్డం పెట్టి ఫొటోకి నవ్వమన్నట్టు. ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి.

తోక పట్టుకుని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించాం. కాసేపటికి ఒక్క విదిలింపుతో కిందికి వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టాం. "బతుకుతుంది కదా బాబాయ్?" అన్నాను.

"గంగమ్మకే తెలియాల" అన్నాడాయన. కాస్త ఆగి, "అంత సేపని ఒగ్గేత్తే సేతులు ఊరుకోవు బాబూ మాకు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అర్థంకాని భాష మాట్లాడేవాళ్ళని చూసి మర్యాదగా నవ్వే నవ్వు అది.

తిరిగి వస్తుంటే వెనక లాగుతున్న తాడుకి ఒక కోనెం పడింది. నాలుగు కిలోలు ఉంటుందేమో. ఈసారి ఆయన మమ్మల్ని అడగలేదు. లోపలికి లాగి, చెక్కముక్కతో తల మీద ఒక్క దెబ్బ వేశాడు. వణికి ఆగిపోయింది. గాలానికి పడటం నుంచి అక్కడి వరకూ ఐదు నిమిషాలు కూడా లేదు. సగం ఆయన ఇంటికి, సగం మాకు. ఆ రాత్రి పులుసు బాగా కుదిరింది.

అన్నం తింటుండగా లెక్క తట్టింది. నేను 'కాపాడిన' చేప 20 నిమిషాలు పోరాడి, రక్తం కారుతూ, ఊపిరాడకుండా మూడు ఫొటోలు దిగి, బతుకుతుందో లేదో తెలియని స్థితిలో వెళ్ళింది. మేం చంపిన చేప ఐదు నిమిషాల్లో చనిపోయింది. నేను దయ చూపింది దేనికి?

*

చేపలకి నొప్పి ఉంటుందా అన్నది ముందు తేల్చుకోవాలి కదా అనిపిస్తుంది. లేకపోతే గొడవే లేదు. దీని మీద శాస్త్రవేత్తలు చాలాకాలంగా కొట్టుకుంటున్నారు. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్నీ, ఎసిటిక్ ఆమ్లాన్నీ ఎక్కించి చూశారు. ఆ చేపలు అటూ ఇటూ ఊగాయి. ఆమ్లం ఎక్కించినవి పెదవుల్ని అడుగునున్న గులకరాళ్ళకి రుద్దుకున్నాయి. మేతకి మామూలు చేపలు గంటన్నరలోపే వచ్చేస్తే, ఇవి దాదాపు మూడు గంటలు తీసుకున్నాయి. గాయాన్ని పసిగట్టే నాడులు వాటి తలలో ఉన్నాయని కూడా అదే పరిశోధన చూపించింది. మరోవైపు జేమ్స్ రోజ్ 2002లో, బ్రయన్ కీ 2016లో, మనకి నొప్పి నొప్పిగా తెలిసేది మెదడు పైపొర వల్ల, అది చేపకి లేదు, కాబట్టి అది ప్రతిస్పందనే గానీ బాధ కాదు అని వాదించారు.

నేను ఈ వాదంలో తీర్పు చెప్పగలిగినవాణ్ణి కాదు. కానీ ఒకటి గమనించాను. చేపకి నొప్పి లేదన్న వ్యాసం దొరగ్గానే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి నన్ను అనుమానించుకునేలా చేసింది. ఒక నిజం నాకు సదుపాయంగా ఉందంటే దాన్ని రెండోసారి పరీక్షించాలి. చీకట్లో పొద కదిలింది, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలీదు, సగానికి సగం అవకాశం. బాణం వెయ్యకపోవడమే కదా వివేకం. సంశయం ఉన్నచోట దాని లాభం దెబ్బ తినేవాడికి చెందాలి, కొట్టేవాడికి కాదు.

నొప్పి పక్కన పెడదాం. వదిలేస్తే బతుకుతాయి కదా? చాలావరకు బతుకుతాయి. 2005లో బార్తలొమ్యూ, బాన్‌సాక్ అనే ఇద్దరు 53 అధ్యయనాల్ని కలిపి చూస్తే, గాలంతో పట్టి వదిలిన చేపల్లో మరణాల సగటు 18 శాతం, మధ్యగతం 11 శాతం అని తేలింది. జాతిని బట్టి, ముల్లు దిగిన చోటుని బట్టి, నీటి వేడిని బట్టి, ఎంత లోతు నుంచి లాగామన్నదాన్ని బట్టి ఇది బాగా మారుతుంది. దవడలో దిగితే బతుకుతుంది. మొప్పలోనో గొంతులోనో దిగితే కష్టం. నా పార ఏ లెక్కలోకి వచ్చిందో గంగమ్మకే తెలియాలి.

వదిలేయడం వెనక నిజంగా బలమైన కారణం ఒకటుంది. అది జాతికి సంబంధించింది. చాలా చేప జాతుల్లో తల్లి బరువు రెట్టింపైతే గుడ్లు రెట్టింపు కావు, అంతకంటే ఎక్కువవుతాయి. పెద్ద చేపని తిరిగి నీళ్ళలోకి వదలడం అంటే వచ్చే తరాన్ని వదలడం. అలా అయితే వదలండి, ఎవరూ కాదనరు. కానీ ఇది సముద్రం పద్దు. ఆ ఒక్క చేప పద్దు వేరు. నా సరదా పద్దు ఇంకా వేరు. మేం చేసేదేమిటంటే, మూడో పద్దులో అప్పు చేసి మొదటి పద్దులో జమ చూపించడం. 'సంరక్షణ' అని ఫొటో కింద రాసుకుంటాం. జాతి మీద అంత ప్రేమ ఉంటే అసలు పట్టకుండా ఇంట్లో కూచుంటే జాతికి ఇంకా మేలు.

జర్మనీ చట్టం ఈ తికమకని భలేగా తేల్చేసింది. సహేతుకమైన కారణం లేకుండా జంతువుకి బాధ కలిగించకూడదంటుంది వాళ్ళ జంతు సంరక్షణ చట్టం. తినడం ఒక కారణం. సరదా కారణం కాదు. కాబట్టి వదిలేయాలని ముందే అనుకుని పట్టడం అక్కడ నేరం కిందికి రావచ్చు. స్విట్జర్లండ్ 2008 నిబంధనలు కూడా వదిలేసే ఉద్దేశంతో గాలం వెయ్యడాన్ని నిషేధించాయి. మనకి దయగా కనిపించేది అక్కడ తప్పు. మనకి హింసగా కనిపించేది అక్కడ ఒప్పు. మొదట చదివినప్పుడు ఇదేం తలకిందుల న్యాయం అనుకున్నాను. తర్వాత చూస్తే, బాబాయ్ ఒడ్డున అడిగిన ప్రశ్నే ఆ చట్టం కూడా అడుగుతోంది. తినడానికా, ఆటకా?

*

మన పాత కథల్లో వేటని నిషేధించలేదు గానీ నమ్మలేదు కూడా. రాజులకుండే వ్యసనాల జాబితాలో జూదం, తాగుడు పక్కనే మృగయని పెట్టారు. తిండి కోసం జంతువుని చంపేవాణ్ణి వ్యసనపరుడు అనలేదు. ఆపలేకపోయేవాణ్ణి అన్నారు.

పాండురాజు కథ అందరికీ తెలిసిందే. అడవిలో జత కూడుతున్న లేళ్ళని కొట్టాడు. అందులో మగలేడి రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. ఆ చచ్చిపోతున్న మునికీ పాండురాజుకీ మధ్య ఒక వాదం జరుగుతుంది. రాజులు మృగాల్ని వేటాడటం ఒప్పే అంటాడు పాండురాజు. ముని అది కాదనడు. వేటాడావని నేను నిన్ను తప్పుపట్టడం లేదు, ఆ సమయంలో కొట్టావే, కాస్త ఆగలేకపోయావే అంటాడు. చిన్నప్పుడు విన్నప్పుడు ఇది శాపం కథ. ఇప్పుడు నాకు ఇందులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఉండే వేట నిషేధం కనిపిస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు ఒడ్డునే ఉంటాయి. చంపవద్దని కాదు, ఆగమని. ఆగడం తెలిసినవాడికే వేట హక్కు. ఈ నియమం వల్ల ఆదాయం పోయేది బాబాయ్ లాంటివాళ్ళకి. మాలాంటివాళ్ళకి రెండు నెలలు వేరే సరదా దొరుకుతుంది.

ఇంకొక కథ ధర్మవ్యాధుడిది. మిథిలలో మాంసం అమ్ముకునే ఆయన దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మడు ధర్మం నేర్చుకోడానికి వస్తాడు. నువ్వు చేసే పని ఇంత ఘోరమైంది కదా అంటే, ధర్మవ్యాధుడు అబ్బే కాదండీ అనడు. నేను స్వయంగా చంపను, ఇతరులు తెచ్చిందే అమ్ముతాను అంటాడు. పని ఘోరమైందేనని ఒప్పుకుంటాడు. నాగలి దున్నినా ప్రాణులు చస్తాయి, హింస తగలకుండా బతికేవాడెవడూ లేడు అంటాడు. ఈ మాటని చాలామంది 'కాబట్టి ఏం చేసినా ఫర్వాలేదు' అని వాడుకుంటారు. నాకు వేరేలా వినిపిస్తుంది. ఆయన తన పనికి మంచి పేరు పెట్టుకోలేదు. తన చేతికున్న రక్తాన్ని రక్తమనే పిలిచాడు. మేం మాత్రం ఫొటో కింద ప్రేమ అని రాశాం.

*

సరే, అయితే తినడానికి పడితే లెక్క సరిపోతుందా? కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఇకనుంచి తినేదే పడతాను, అంతటితో మనస్సాక్షికి మంట తగ్గుతుంది. అదీ పూర్తి నిజం కాదు. నాకు కోనెం తినాలనిపిస్తే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి కొనుక్కోవచ్చు. బోటు అద్దె, పెట్రోలు, రాడ్ ఖరీదు కలిపితే ఆ సగం కోనెం మా ఇంట్లో ఎప్పుడూ వండనంత ఖరీదైన పులుసు. నేను డబ్బు కట్టింది చేపకి కాదు, ఆ లాగుడికి. తినడం నా విషయంలో కారణం కాదు, రసీదు.

అలాగని ఆనందమే నేరం అనలేను. కోనెం పడినప్పుడు బాబాయ్ మొహం చూశాను. యాభై ఏళ్ళు దాటిన మనిషి, చిన్నప్పటినుంచీ అదే పని, అయినా తాడు బిగుసుకోగానే ఆయన కళ్ళు వెలిగాయి. నోట్లోంచి చిన్న కేక వచ్చింది. ఆయనకీ ఆట ఉంది. కానీ ఆయన ఆట పని లోపల ఉంది, పులుసులో ఉప్పులాగా. మేం ఉప్పు ఒక్కటే తీసుకుని తిందామని వెళ్ళాం.

ఇలా అనేసి ముగిస్తే చక్కగా ఉండేది. కానీ అది కూడా పట్నం వాడి కవిత్వమే. ఎందుకంటే దిగేటప్పుడు ఆయనే చెప్పాడు: మీలాంటోళ్ళు నెలకి నాలుగుసార్లు వస్తే చాలు బాబూ, వల కంటే ఇదే నయం. వలకి వెళ్తే డీజిల్ ఖర్చు రాని రోజులున్నాయి. మేం వస్తే చేప పడినా పడకపోయినా ఆయన డబ్బు ఆయనకి వస్తుంది. ఆ రోజు నా ఆటే ఆయన తిండి. పైగా, ఒక్క వల ఎత్తితే అందులో ఊపిరాడక చచ్చే చేపల ముందు నా ఒక్క పార బాధ ఏపాటిది? ఆ లెక్కన నేను ఇంట్లో పవిత్రంగా కూచుంటే లోకంలో హింస తగ్గదు, ఒక ఇంట్లో ఆదాయం తగ్గుతుంది.

ఈ వాదానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక చిన్న తేడా మాత్రం కనిపిస్తోంది. వలలో పడ్డ చేప బాధ ఎవరికీ అక్కర్లేదు. వీలైతే అది లేకుండానే చేపని తెచ్చుకునేవాళ్ళు. నా గాలానికి పడ్డ చేప బాధే నాకు కావలసింది. అది పోరాడకుండా నిశ్శబ్దంగా బోటులోకి వచ్చేస్తే "ఏం మజా లేదు" అనేవాణ్ణి. హింస పక్కనుంచి తగిలే పనులు లోకం నిండా ఉన్నాయి, ధర్మవ్యాధుడు చెప్పినట్టు. హింస లేకపోతే అసలు పనే లేకుండా పోయేవి కొన్ని ఉన్నాయి. పట్టి వదిలేసే ఆట ఈ రెండో రకం. వదిలేయడం దాన్ని కడగలేదు. కడిగినట్టు కనిపించేలా మాత్రం చెయ్యగలదు. అందుకే అది చంపడం కంటే ప్రమాదకరం అనిపిస్తోంది, చేపకి కాదు, నాకు. చంపినవాడికి చంపానని తెలుస్తుంది. ఎన్ని చంపాలో కడుపో ఐస్‌పెట్టో ఎక్కడో ఒకచోట చెబుతుంది. వదిలేసేవాడికి ఆ హద్దు లేదు. పది పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు, ప్రతిసారీ దయామయుడిగానే ఇంటికి రావచ్చు.

*

మళ్ళీ వెళ్ళాను. వెళ్ళకపోతే ఈ వ్యాసానికి మంచి ముగింపు ఉండేది గానీ, సముద్రం మీద ఆ పొద్దుటిపూట నాకు ఇంకా కావాలి. కొన్ని మార్చుకున్నాను. మూడు ముళ్ళ గాలాలు తీసేసి ఒకే ముల్లు పెట్టాను, దాని ఎదురుముల్లు పట్టకారుతో నొక్కేశాను. చేప తప్పించుకునే అవకాశం పెరిగింది, పెరగాలి కూడా. చిన్నది పడితే బోటులోకి ఎత్తకుండా నీళ్ళలోనే ముల్లు తీసేస్తాను. ఫొటోలు లేవు. తీసుకెళ్ళే చేపకి చెక్కముక్క దెబ్బ నేనే వెయ్యాలని నియమం పెట్టుకున్నాను. మొదటిసారి చెయ్యి వణికింది. 20 నిమిషాలు దాన్ని లాగినప్పుడు వణకని చెయ్యి అప్పుడు వణికింది. అది నాకు చాలా చెప్పింది.

ఎన్ని చేపలో ఒడ్డునే అనుకుంటాను. అన్ని పడ్డాక రాడ్ విప్పేసి కూచుంటాను. సముద్రం ఎలాగూ ఉంటుంది. ఇవేవీ ఈ పనిని శుభ్రం చెయ్యవని తెలుసు. దీన్ని దయ అనడం మాత్రం మానేశాను.

మొన్న వెళ్ళినప్పుడు బాబాయ్ కెరటం వైపు చూస్తూ మళ్ళీ అదే అడిగాడు. "తినడానికా బాబూ, ఆటకా?"

"రెండూ బాబాయ్" అన్నాను. "ఆటకే వచ్చాను. కానీ తినేదే పడతాను. రెండు చాలు."

ఆయన నవ్వాడు. "రెండు పడితే సూద్దారి. ముందు తొయ్యండి."